రేగడి దాటి చల్కలోకి మూసీ

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో మూసీ నది పుడుతుంది. గుట్టల నెత్తిన ఎర్రటి లాటరైట్, దాని కింద నల్లటి బసాల్ట్. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి మిగిలిన రాయి అది. ఆ లావా పొరల నడుమ చిక్కుకున్న మట్టిలో, నస్కల్ దగ్గర, శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నిలకు ఓ బుల్లి క్షీరదం పళ్లు దొరికాయి. 1988లో 'నేచర్' పత్రిక ఆ సంగతి అచ్చువేసింది. డైనోసార్ల చివరి కాలమైన క్రెటేషియస్ నాటి క్షీరదం మన దేశంలో బయటపడటం అదే మొదలు.

శంకర్‌పల్లి, చేవెళ్ల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఆ నల్లరాయి పలచబడి గ్రానైట్ తేలుతుంది. ఫీల్డుకొచ్చిన జియాలజీ విద్యార్థి అక్కడ పటంలో రంగు మారుస్తాడు. రైతు ఆ హద్దును ఏనాడో గుర్తుపట్టాడు: ఇటు నల్ల రేగడి, అటు ఎర్ర చల్క. బావులు తవ్విన వడ్డెరల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పైన మన్ను, కింద మొరం, ఆ కింద బండ. గ్రానైట్ నేలలో నీరు ముఖ్యంగా మొరంలోనూ బండ పగుళ్లలోనూ ఉంటుందని పాఠ్యపుస్తకం చెప్పేదీ ఇదే.

అలాగని ఊరి మాటల్నల్లా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే కింద జల ఉందనే పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదు. నీటికి ఆనవాలుగా చెప్పే చెదపుట్టల సంగతి వేరు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ ఆచార్యుడు ఇ.ఎ.వి. ప్రసాద్ వరాహమిహిరుడి 'బృహత్సంహిత'లోని జలాన్వేషణ అధ్యాయాన్ని శాస్త్రజ్ఞుడి కళ్లతో చదివి, 1980లో పుస్తకం వేశారు. చెట్టు, పుట్ట, మట్టి రంగు... ఇవన్నీ ఆయనకు పరీక్షించి చూడదగ్గ ఆనవాళ్లు. విద్యార్థి చేయాల్సిన పని కూడా అదే: నమ్మడం, కొట్టిపారేయడం రెండూ మాని కొలిచి చూడటం.

రైతులే కొలిచిన సందర్భమూ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన పథకంలో ఊరివాళ్లే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం రాసి, ఆ లెక్కను బట్టి ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు.

మొయినాబాద్ దగ్గర మాత్రం కొలవాల్సిన నేలే చేజారుతోంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట జలాశయం 1920 నాటిది. దాన్నీ హిమాయత్‌సాగర్‌నూ కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 ఇచ్చారు. ప్లాటుగా చదును చేసిన పొలంలో పుట్ట ఉండదు. చెరువుకు నీళ్లు తెచ్చే వాగు కాంపౌండు గోడ కింద పోతుంది. ఏ వానకు ఏ మత్తడి దుంకుతుందో తెలిసిన, చెరువు నీళ్లు పంచే నీరడి చెప్పేది రాసిపెట్టుకున్నవాళ్లు లేరు. దీన్ని అభివృద్ధి అనడం సిగ్గుచేటు.

ఆ తర్వాత హైదరాబాద్ నగరంలో మూసీ గతి అందరికీ తెలిసిందే. ఎక్కడో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఈ మండలాలకు ప్రాజెక్టు పనిమీద వచ్చే విద్యార్థులకు ఒక విన్నపం. భూగర్భజలం వెతికే రెసిస్టివిటీ యంత్రం దించే ముందు ఆ ఊరి నీరడితో ఒక పూట కట్ట మీద నడవండి. ఆయన చెప్పింది మీ కొలతలతో సరిపోయినా, సరిపోకపోయినా రాయండి. ఆయన ఒప్పుకుంటే పేపర్లో మీ పేరు పక్కనే ఆయన పేరూ వేయండి.