మా వాడు పిస్టల్ కొన్నాడు, మేము పక్కన నిల్చున్నాం

కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మొన్న వినాయకుడి పందిట్లో ముగ్గురు నలుగురు ఒకే సంగతి అడిగారు. "మీ వాడు అమెరికాలో నడుముకి తుపాకీ పెట్టుకుని తిరుగుతాడంట గదా?" అని. అడిగిన తీరులో సగం భయం, సగం ఎగతాళి. నిజమే, పెట్టుకుంటాడు. అది కొన్నరోజు మేమిద్దరం వాడి పక్కనే నిల్చున్నాం. మన క్యాంపుల్లో ఇంటికొక పిల్లో పిల్లాడో అక్కడ ఉన్నారు కాబట్టి, దాచడం కన్నా జరిగింది జరిగినట్టు రాస్తే నలుగురికీ పనికొస్తుందనిపించింది. ఒకరం చెబుతుంటే ఒకరం ఫోనులో కొడుతున్నాం. తప్పులుంటే ఇద్దరివీ.

తుపాకీ మాకు కొత్త కాదు. గుంటూరు జిల్లా నుంచి తుంగభద్ర కాలవ కిందికి వచ్చిన మా పెద్దాయన నాటి నుంచి ఇంట్లో ఒక సింగిల్ బ్యారెల్ 12 బోరు ఉంది, పంట రక్షణ లైసెన్సు మీద. కొండవైపు మళ్లలో పందులు పడితే గాల్లోకి ఒకటి పేల్చడానికి తప్ప ఇంకెందుకూ దాన్ని దించింది లేదు. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, ఎన్నికలయ్యాక మళ్లీ పోయి తెచ్చుకోవడం, రెన్యువల్‌కి డీసీ ఆఫీసు చుట్టూ తిరగడం. మీలో చాలామందికి తెలిసిన బాధే. మన ఇళ్లలో తుపాకీ అంటే గోడకుండే వస్తువు, దానికో కాగితాల కట్ట. ఒంటిమీద పెట్టుకుని తిరిగే వస్తువని మేమెప్పుడూ అనుకోలేదు.

మా వాడికి డల్లాస్ పక్క ఊళ్లో ఇద్దరితో కలిసి ఒక గ్యాస్ స్టేషన్, దాంట్లోనే చిన్న షాపు. రెండేళ్ల కిందట జనవరిలో రాత్రి పదకొండున్నరకి ఒకడు తుపాకీ చూపించి గల్లా ఖాళీ చేయించుకుపోయాడు. కౌంటర్లో ఉన్నది మా వాడే. దెబ్బ తగల్లేదు. మాకు ఆ సంగతి తెలిసింది నాలుగు నెలల తర్వాత, అదీ కోడలు ఫోనులో నోరు జారితే. మేము పోయేసరికి వాడు పిస్టల్ కొనాలని తీర్మానం చేసుకుని ఉన్నాడు. షాపు అమ్మేయరా అన్నాం. అప్పు తీరనిదే ఎట్లా అమ్మా అన్నాడు. పది రోజులు ఇంట్లో సరిగా మాటల్లేవు.

చివరికి ఒకరోజు అన్నం దగ్గర అడిగాం. "ఒరే, ఆ రోజు నీ దగ్గర పిస్టల్ ఉంటే ఏం చేసేవాడివి?" కాసేపు కంచంలోకి చూసి, "అప్పుడూ గల్లా ఇచ్చేసేవాణ్ణే నాన్నా. డబ్బు తీసుకున్నాక కూడా వాడు పోకుండా నన్ను వెనక గదిలోకి నడవమంటేనే దాని అవసరం" అన్నాడు. కాల్చేసేవాణ్ణి అని ఉంటే మేము ఆ వారమే టికెట్ మార్చుకుని వచ్చేసేవాళ్లం. ఆ మాట విన్నాక, సరే పద, ఏం కొంటావో మేమూ చూస్తాం అన్నాం.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, దయచేసి మీ పిల్లలకీ చెప్పండి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు, చట్టం అడ్డు లేనివాళ్లయితే. ఆ చివరి మాటలోనే మనవాళ్లు ఇరుక్కుంటారు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. అంటే చదువుకునే ఎఫ్-1 పిల్లలు, హెచ్-1బి ఉద్యోగులు, చూసిరావడానికి పోయే మనలాంటి బి-2 అమ్మానాన్నలు, అందరూ. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ అవి వకీలుని అడిగి తెలుసుకోవాల్సినవి, స్నేహితుణ్ణి అడిగి కాదు. సరదాకి రేంజికి పోయి, అద్దె తుపాకీ పట్టుకుని ఫొటో దిగి, పైగా దాన్ని అందరికీ పంపేవాళ్లని చూశాం. మా వాడిది గ్రీన్‌కార్డు, కోడలు అక్కడే పుట్టిన పిల్ల. అందుకే వాడు కొనగలిగాడు. మేము షాపులో చేతులు వెనక్కి కట్టుకుని నిల్చున్నాం.

మా వాడు మొదట అన్నిటికన్నా చిన్నది కొందామనుకున్నాడు. టెక్సాస్ ఎండకి పల్చటి చొక్కా తప్ప ఒంటిమీద ఏదీ నిలవదు, చిన్నదైతేనే కనబడదు అని. పైన రెడ్ డాట్ కూడా ఉండాలన్నాడు. అదేంట్రా అంటే అమ్మేవాడే చూపించాడు. శిక్షణకి వాడే నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మ మీద ఒక డాట్ బిగించి ఉంది, అది ఉత్త బొమ్మే కాబట్టి మేము పట్టుకోవడానికి ఇబ్బంది లేదన్నాడు.

మాలో ముసలాయనకి అరవై ఆరు. నలభై అయిదు దాటినప్పటి నుంచీ 12 బోరు గొట్టం చివర పూస మసకే. పూస చూస్తే పంది మసక, పంది చూస్తే పూస మసక. మామూలు పిస్టల్‌కైతే ఇంకా కష్టం. వెనక గాడి, ముందు మొన, అవతల గురి, మూడూ ఒక వరసకి రావాలి. వయసైన కంటికి దగ్గరిది చిక్కదు. ఈ డాట్‌లో చిన్న దీపం ఎర్రటి వెలుగుని ఒక వాలు అద్దం మీదికి కొడుతుంది, అద్దం దాన్ని కంటివైపు తిప్పుతుంది. ఆ చుక్క అద్దం మీద ఉన్నట్టు కాకుండా దూరాన గురి దగ్గరే వేలాడుతున్నట్టు ఉంటుంది. గురి మీద చూపు నిలిపితే చాలు. ముసలాయన బొమ్మ ఎత్తి అవతలి గోడమీది గడియారం చూసి, "ముప్పై ఏళ్ల కింద ఇది ఉంటే..." అని ఆగిపోయాడు. పందుల అదృష్టం.

మాలో టీచరమ్మకి మాత్రం చుక్క గుండ్రంగా కాకుండా చింతగింజలా సాగి, తోకతో కనబడింది. అద్దం పాడైందేమో అంటే అమ్మేవాడు నవ్వి, ఫోనుతో ఫొటో తీయమన్నాడు. ఫొటోలో శుభ్రంగా గుండ్రంగా ఉంది. లోపం అద్దంలో లేదు, కంట్లో ఉంది, ఆస్టిగ్మాటిజం అంటారు అన్నాడు. తిరిగొచ్చాక గంగావతిలో కళ్ల డాక్టరుకి చూపిస్తే అదే తేలింది. వాడు పిస్టల్ కొంటే మాకు కొత్త కళ్లద్దాలొచ్చాయి.

షాపు వెనకే రేంజి. డాట్ బిగించిన పిస్టళ్లు అక్కడ అద్దెకిస్తారు. మా వాడు నాలుగు తీసుకున్నాడు, అన్నీ 9 ఎంఎం. (మన దగ్గర ఆ బోరు మామూలు లైసెన్సుదారుడికి నిషేధం.) స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, సిగ్ పి365 ఎక్స్ఎల్, గ్లాక్ 43ఎక్స్, గ్లాక్ 19. మేము చెవులకి మఫ్‌లు పెట్టుకుని అద్దం ఇవతల కుర్చీల్లో.

రేంజిలో నేర్పేవాడు ముందు తూటాలు ఇవ్వలేదు. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూపించి, గురివైపే తిప్పి, కళ్లు మూసుకుని ఎత్తమన్నాడు. ఎత్తాక కళ్లు తెరవమన్నాడు. తెరవగానే అద్దంలో చుక్క ఉందా లేదా, అదీ పరీక్ష. మామూలు పిస్టల్‌లో మణికట్టు కొంచెం పక్కకు పోతే ముందు మొన పక్కకి కనబడుతుంది, ఎటు సరిచేయాలో తెలుస్తుంది. డాట్‌లో మణికట్టు తప్పితే ఉత్త అద్దం. చుక్క ఎటు పోయిందో చెప్పేవాడు ఉండడు. మనిషి భయంలో ఉన్నప్పుడు ఆ ఖాళీ అద్దంలో చుక్కని వెతుక్కుంటూ ఉండటం కన్నా అసలు డాట్ లేకపోవడమే మేలని ఆయన అన్నాడు.

హెల్‌క్యాట్ అన్నిటికన్నా చిన్నది. అందుకే మా వాడు దానిమీద మనసు పడ్డాడు. కానీ పొట్టి మ్యాగజైన్‌తో చిటికెనవేలు కిందికి జారి గాల్లో ఉంటోంది. కళ్లు తెరిస్తే పదిసార్లలో ఆరేడుసార్లు ఉత్త అద్దమే. కాల్చినప్పుడు కూడా ఎగిరి, చుక్క పోయి, తిరిగొచ్చేసరికి వాడు తల వంచి వెతుక్కుంటున్నాడు. పెద్దదైన గ్లాక్ 19లో చుక్క తేలిగ్గానే వచ్చింది. పదిహేను తూటాలు పడతాయి కూడా. కానీ నడుముకి పెట్టి చొక్కా వదిలితే ఇటుక దాచినట్టుంది. సిగ్ బాగానే ఉంది, పన్నెండు తూటాలు. 43ఎక్స్ పిడి పల్చన, పొడుగు, అరచేతి నిండా కూర్చుంది. దాంతో పదికి తొమ్మిదిసార్లు చుక్క అద్దం మధ్యలోనే. కంపెనీ మ్యాగజైన్‌లో పదే పడతాయి, తక్కువేమో అని మా వాడు నసిగాడు. ఒంటి గొట్టంతో పొలం కాసినోళ్లం, పది నీకు చాలదా అన్నాం. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

డాట్ దగ్గర మాత్రం ఒక తప్పు జరిగింది. 43ఎక్స్‌లో డాట్ బిగించడానికి స్లైడ్ మీద గాడి కోసిన రకం ఉంది, ఎంఓఎస్ అంటారు. ఆ గాడి షీల్డ్ ఆర్ఎంఎస్‌సి అనే డాట్ కొలతకి చేసింది. మా వాడు ఎంచుకున్నది హోలోసన్ 507కె. ఆర్ఎంఎస్‌సికి బ్యాటరీ అడుగున ఉంటుంది, మార్చాలంటే మొత్తం ఊడదీసి మళ్లీ గురి సరిచూసుకోవాలి. హోలోసన్‌కి పక్క నుంచి మార్చుకోవచ్చు. అందుకని. చూడ్డానికి రెండిటి కొలతా ఒకటే, కానీ వెనక ఉండే చిన్న పిన్నుల దగ్గర తేడా, మధ్యలో పల్చటి ప్లేటు వెయ్యాలి. ఇంకో చోట ఎవరో ప్లేటు వేసి బిగించి ఇచ్చారు. వారం తర్వాత రేంజిలో అరవై డెబ్బై తూటాలకి గుళ్లన్నీ ఎడమకి జరగడం మొదలైంది. వాడు తన చేతినే తిట్టుకుంటున్నాడు. తీరా చూస్తే స్క్రూలు వదులు.

మళ్లీ సరైన పొడవు స్క్రూలు తెచ్చి, వదులు కాకుండా ఉండే జిగురు చుక్క వేసి, కొలతగా బిగించారు. కోడలు తన గోళ్ల రంగు తెచ్చి స్క్రూ తల నుంచి పక్కకి ఒక గీత గీసింది. గీత విరిగితే స్క్రూ తిరిగినట్టు లెక్క. ఇంజినీరింగ్ చదివిన మా వాడికి తట్టలేదది. చుక్క సైజు గురించీ వాదన నడిచింది గానీ, 25 గజాల్లో 3 ఎంఓఏ చుక్క ముప్పావు అంగుళం కప్పుతుంది, 6 ఎంఓఏ అయితే అంగుళంన్నర. షాపు కౌంటర్ నుంచి తలుపుకి ఉన్న దూరానికి రెండూ ఒకటే.

పర్మిట్ అక్కర్లేకపోయినా మా మాట మీద వాడు లైసెన్సు క్లాసుకి పోయాడు. దానికి 3, 7, 15 గజాల నుంచి మొత్తం యాభై తూటాలు కాల్చి చూపించాలి. బ్యాటరీ ఏడాదికోసారి గుర్తుగా మార్చాలంటే, ఆయుధ పూజ రోజు మార్చరా, ఇక్కడ మేము ట్రాక్టరుకి కుంకుమ పెట్టేటప్పుడు నీకు ఫోను చేస్తాం అన్నాం. ఒప్పుకున్నాడు.

ఇంట్లో మనవడికి నాలుగేళ్లు. కొట్లో గోడకి ఒక బోర్డు ఉంది, పిల్లలకి అందేచోట తుపాకీ వదలడం నేరమని. అక్కడ పదిహేడేళ్ల లోపు వాళ్లంతా ఆ లెక్కలోకి వస్తారు. కోడలు పెట్టిన షరతు ఒక్కటే, అదే మాకు ఈ మొత్తంలో నచ్చింది. "మావయ్యగారూ, ఇంట్లోకొచ్చి చెప్పులు విప్పకముందే అది పెట్టెలోకి పోవాలి. ఒక్కరోజు తప్పినా నేను తీసుకెళ్లి అమ్మేస్తాను." మీటలు నొక్కితే తెరుచుకునే ఇనప పెట్టె, గోడకి బిగించారు. అది పిస్టల్ కన్నా ముందే కొనిపించింది.

మాకు నిద్ర పట్టేసిందని చెప్పం. టీచరమ్మ ఇప్పటికీ షాపు అమ్మమనే అంటుంది. అప్పు ఇంకో మూడేళ్లుంది.

అక్కడ రాత్రి పన్నెండుకి షాపు మూస్తే మనకి పగలు పదిన్నర. ఆ టైముకి మేమిద్దరం ఏ పనిలో ఉన్నా ఫోను దగ్గరికొస్తాం. పదకొండు లోపల వాడి మెసేజి వస్తుంది, రోజూ అదే రెండు ముక్కలు: "ఇంటికొచ్చా. పెట్టెలో పెట్టా." నవంబరులో వాళ్లు గడియారం మార్చుకుంటారు, అప్పట్నుంచి మాకది ఇంకో గంట ఆలస్యంగా వస్తుంది.