ఆగడం వేరు, ఆరిపోవడం వేరు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ గారు కబురు పెట్టారు. కవితలు రాయడం నాకు చేతకాదు. అందుకే ఎం.సి.ఏ.లో నేను తెలుసుకున్న ఒక విషయం రాస్తున్నాను. కంప్యూటర్ చదవని చెల్లెళ్ళూ, పేజీ తిప్పేయకండి. ఇందులో మన హాస్టల్ నీళ్ళ మోటారు ఉంది, గేటు దగ్గర వాచ్‌వుమన్ పెద్దమ్మ కూడా ఉంది.

ల్యాప్‌టాప్ మూత వేస్తే అది నిద్రపోతుంది. మూత తెరిస్తే మనం ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలవుతుంది. నిద్రపోవడాన్ని సస్పెండ్ అనీ, లేవడాన్ని రెజ్యూమ్ అనీ అంటారు. మా అమ్మ డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి కొనిచ్చిన పాత ల్యాప్‌టాప్ మాత్రం పడుకునేది గానీ లేచేది కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉండేది, తెర నల్లగా ఉండిపోయేది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపితే సేవ్ చెయ్యని పనంతా పోయేది. రిపేరు షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారు. వాళ్ళు అడిగిన డబ్బు మా అమ్మ రెండు నెలల కూలి. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి నెల రోజులే గడువుంది.

అందులో నేను వాడేది లైనక్స్. దాని సోర్స్ కోడునూ, వివరణ పత్రాలనూ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఫీజు లేదు, ఏ సర్టిఫికెట్టూ అడగరు. డబ్బు పెట్టే ముందు అసలు కంప్యూటర్ ఎలా నిద్రపోతుందో చదివి చూద్దామనుకున్నాను.

రాత్రి మన హాస్టల్ ఎలా సద్దుమణుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ముందు బెల్లు కొడతారు, ఎవరి పుస్తకం వాళ్ళు మూస్తారు. తర్వాత గదుల్లో లైట్లు, ఆ తర్వాత వరండా లైట్లు ఆరిపోతాయి. కెర్నల్ కూడా ఇలాగే చేస్తుంది. మనం నడుపుతున్న ప్రోగ్రాములన్నిటినీ ముందు ఉన్నచోటే కదలకుండా ఆపుతుంది. ఆ తర్వాత పరికరాల వంతు. పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ కంట్రోలర్ మీద ఆధారపడుతుంది, ఆ కంట్రోలర్ పీసీఐ బస్సు మీద ఆధారపడుతుంది. ఆధారపడేదాన్ని పిల్ల అనీ, ఆధారంగా ఉండేదాన్ని తల్లి అనీ అనుకోండి. నిద్రపుచ్చేటప్పుడు పిల్ల ముందు, తల్లి చివర. లేపేటప్పుడు తల్లి ముందు, పిల్ల తర్వాత. మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే ఇది. తెల్లవారుజామున మోటారు వెయ్యందే కుళాయి ఎంత తిప్పినా నీళ్ళు రావు కదా!

ప్రతి పరికరానికీ దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము ఉంటుంది. పడుకునే ముందు ఆ డ్రైవర్ కొత్త పని ఒప్పుకోకూడదు. చేతిలో ఉన్న పని ముగించాలి. పరికరం ఏ స్థితిలో ఉందో మెమరీలో రాసిపెట్టి, అప్పుడు కరెంటు తగ్గించాలి. ఇదంతా నాలుగు దశల్లో జరుగుతుంది. మధ్యలో ఏ ఒక్క డ్రైవరైనా "నా పని ఇంకా తెమల్లేదు" అని ఎర్రర్ పంపితే కెర్నల్ దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోదు. అప్పటికే పడుకున్నవాటిని కూడా లేపి, నిద్రను రద్దు చేస్తుంది. లేచేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఎక్కడైనా ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసుకుని మిగతావాటిని లేపుకుంటూ పోవాల్సిందే. మన వాచ్‌వుమన్ పెద్దమ్మ లాగా కొన్ని పరికరాలకు కాపలా పని ఉంటుంది. మూత తెరిచినా, పవర్ బటన్ నొక్కినా కబురు అందించేవి అవే.

ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు 1996 డిసెంబరులో తెచ్చిన ఏసీపీఐ అనే ప్రమాణంలో ఈ నిద్రకు ఎస్3 అని పేరు. ఇందులో ప్రాసెసర్ ఆగిపోతుంది, తెర ఆగిపోతుంది, దాదాపు అన్నిటికీ కరెంటు పోతుంది. ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది. ర్యామ్‌లోని ఒక్కో అక్షరం చిల్లుకుండలో నీళ్ళలాంటిది, కారిపోతూ ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని మళ్ళీ నింపాలి. నిద్రలో ఆ పని ర్యామ్ చిప్పే స్వయంగా చేసుకుంటుంది. ఆ కాస్త కరెంటు కూడా పోతే అది నిద్ర కాదు, ఆరిపోవడమే. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 బదులు ఇంకో రకం నిద్ర వచ్చింది. అయినా పిల్ల ముందు, తల్లి తర్వాత అనే నియమం మారలేదు.

ఇక నా ల్యాప్‌టాప్ సంగతి. లేచేటప్పుడు ఆగిపోతే తెర మీద ఏమీ కనిపించదు, బటన్ నొక్కి ఆపితే మెమరీలో ఉన్నది చెరిగిపోతుంది. మరి తప్పు ఎక్కడుందో తెలిసేదెలా? దీనికి లైనస్ టోర్వాల్డ్స్ 2006లో ఒక ఉపాయం రాశారు. దాని పేరు పీఎం ట్రేస్. మిషన్‌ను ఆపి మళ్ళీ వేసినా చెదరకుండా నడిచేది లోపలి గడియారం ఒక్కటే. కెర్నల్ ఒక్కో పరికరాన్ని లేపేటప్పుడు దాని గుర్తును ఆ గడియారంలో తారీఖు, టైముగా రాసేస్తుంది. మూడు నిమిషాల లోపు మళ్ళీ ఆన్ చేస్తే ఆ గుర్తు ఏ పరికరానిదో లాగ్‌లో చూపిస్తుంది. తారీఖు మాత్రం ఏదో ఏడాదికి పోతుంది, దాన్ని సరిచేసుకోవాలి. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ వైఫై కార్డు దగ్గరే ఆగింది. దాని డ్రైవర్ ఎర్రర్ కూడా చెప్పకుండా, కార్డు నుంచి రాని జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దాని వెనకున్నవన్నీ ఆగిపోయాయి. పడుకునే ముందు ఆ డ్రైవర్‌ను తీసేసి, లేచాక మళ్ళీ ఎక్కించే చిన్న స్క్రిప్ట్ రాసిపెట్టాను. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ లేస్తోంది. మదర్‌బోర్డుకు ఏ రోగమూ లేదు.

చెల్లెళ్ళూ, ఇది మీకు చెప్పడానికి ఒక కారణం ఉంది. డిగ్రీ అయిన ఏడాది మా నాన్న ట్రాక్టరు మీద నుంచి పడి కాలు విరిగింది. ఆ ఏడాదంతా నేను అమ్మతో నాట్లకూ, మిరప కోతలకూ వెళ్ళాను. ఊళ్ళో అందరూ "ఇక దీని చదువు అయిపోయినట్టే" అన్నారు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను. ఐసెట్ పుస్తకంలో ఏ లెక్క దగ్గర ఆపానో అక్కడ పెన్సిలుతో గీత గీశాను. ఎంత అలిసిపోయినా ఆదివారం రాత్రి ఒక్క గంట లెక్కలు చేసేదాన్ని. పై ఏడాది నాన్న నడిచాక పరీక్ష రాశాను, సీటు వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. ఆ గంట లేకపోతే అది కూడా పెట్టెలో కాగితంగానే మిగిలేది.

మీలో కొందరికి ఇంటర్ దగ్గరో, డిగ్రీ దగ్గరో ఆగాల్సిన రోజు రావచ్చు. అది మీ తప్పు కాదు. ముందు, పని తెమల్లేదని చెప్పి చూడండి, పరీక్షలయ్యే దాకా గడువు అడగండి. తప్పదంటే టీసీ, మార్కుల మెమోలు చేతికి తీసుకునే వెళ్ళండి. వారానికి ఒక గంటైనా మీ కోసం అట్టిపెట్టుకోండి. ఓపెన్ స్కూలు ఉంది, ఓపెన్ యూనివర్సిటీ ఉంది. వెళ్ళే ముందు మేడమ్ గారికో, మాలాంటి అక్కలకో ఎక్కడ ఆపుతున్నారో చెప్పి వెళ్ళండి. మాలో ముందు లేచినవాళ్ళం మిమ్మల్ని వచ్చి లేపుతాం.

– ఒక పూర్వ విద్యార్థిని, ఎం.సి.ఏ.