కుంకుమ రంగు లైటు

"బాక్సు మీద ఏ లైట్లు వెలుగుతున్నాయమ్మా?"

"అన్నీ వెలుగుతున్నాయి బాబూ."

"ఎర్రది ఏమన్నా ఉందా?"

"ఎర్రది లేదు నాయనా. కుంకుమ రంగులో ఒకటి మిణుకు మిణుకుమంటోంది."

ఇక అడిగేదేముంది, బండి తీశాను.

తెనాలిలో ఈ పని పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. కేబుల్ టీవీ రోజుల్లో నల్లటి వైరు చుట్టలు భుజానేసుకుని మేడలెక్కేవాణ్ణి. అప్పుడు కేబుల్ అబ్బాయిని, ఇప్పుడు నెట్ అబ్బాయిని. జుట్టు నెరిసింది గానీ అబ్బాయి హోదా పోలేదు. రోజుకు ఎనిమిది పది ఇళ్ళు తిరుగుతాను. అందరిదీ ఒకటే మాట: "నెట్టు రావట్లేదు." డాక్టరు దగ్గరికెళ్ళి ఒంట్లో బాగాలేదన్నట్టుంటుంది. ఎక్కడ నొప్పో మనమే వెతుక్కోవాలి.

కుంకుమ రంగు లైటు గారింట్లో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. సంక్రాంతికి ఇంటికి రంగులేయించారు. మంచం జరిపి మళ్ళీ గోడకు నొక్కారు. గోడ మీది పెట్టె నుంచి రూటరుకు వచ్చే పసుప్పచ్చ వైరు మంచం కోడుకీ గోడకీ మధ్య నలిగింది. వెలుగు కొలిచే మీటరు పెడితే గోడ దగ్గర మైనస్ 19, బాక్సులోకి వెళ్ళే చోట మైనస్ 31. ఈ అంకె మైనస్ 27 దాటిందంటే మా బాక్సులు చాలామటుకు చేతులెత్తేస్తాయి, ఎర్ర లైటు వేస్తాయి. వెలుగు అందట్లేదు మొర్రో అని దాని భాష.

"వైరే కదా బాబూ, నలిగితే ఏమైంది?" అన్నారామె. పాతకాలం రాగి వైరయితే ఆ మాట నిజమే. అది మడత పడినా తెగనంతవరకూ కరెంటు పారుతుంది. ఇది గాజు. పైన ప్లాస్టిక్ తొడుగులన్నీ తీసేస్తే మిగిలే గాజుపోగు మందం 125 మైక్రాన్లు, దాని నడిమధ్యన వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు. గట్టిగా మడిస్తే వెలుగు ఆ మలుపు తిరగలేక బయటికి జారిపోతుంది. గాజులు వేసుకునే చేతికి గాజు సంగతి నేను చెప్పాలా అనుకుని, వైరు మార్చి, మంచం జానెడు ముందుకు లాగి వచ్చేశాను.

వీధిలో తెగితే అది వేరే కథ. వరిగడ్డి లోడు లారీ ఒకటి వైర్ల కింద తల వంచకుండా వెళ్ళిందంటే ఒక సందు సందంతా ఎర్రబడుతుంది. ఎలుకలు, ఉడతలు సరేసరి. వానలో గొడుగు కింద స్టూలేసుకుని రెండు గాజుపోగులను మిషన్లో ఎదురెదురుగా పెట్టి అతుకుతుంటే, చుట్టూ చేరినవాళ్ళు "ఇంకెంతసేపు?" అంటారు. మిషన్ అతకడం పది సెకన్ల పని. తడి చేతులు తుడుచుకుని పోగు శుభ్రం చేసుకోవడమే పావుగంట.

కానీ నిజం చెప్పాలంటే, నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం వీధివి కావు, ఇంటిలోపలివే. నెట్టు గుమ్మం దాకా బాగానే వస్తుంది. లోపలికొచ్చాకే దాని కష్టాలు మొదలవుతాయి.

మోరిస్‌పేటలో ఒక మాస్టారున్నారు, రిటైరయ్యారు. ఏడు గంటలయ్యేసరికి రోజూ నెట్టు పోతుందని కంప్లైంటు. అది అమెరికాలో కొడుకు ఫోన్ చేసే వేళ. మనవరాలు తెరమీద నోరు తెరవగానే బొమ్మ బిగుసుకుపోతుంది. నేను వెళ్ళేది పగలు. పగలు అన్నీ భేషుగ్గా ఉంటాయి. మొదటిసారి ఏమీ లేదని చెప్పి వచ్చాను. రెండోసారి గోడ దగ్గర వైరు మార్చాను. మూడోసారి బాక్సే మార్చాను. నాలుగోసారి ఆయన గొంతు మారింది. "నువ్వు మార్చాల్సింది బాక్సు కాదోయ్, వృత్తి" అన్నారు.

ఆ రోజు సాయంత్రం ఆరున్నరకే వెళ్ళి కూర్చున్నాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు. కొడుకు ఫోన్ చేశాడు, మనవరాలు కనపడింది. అంతలో పెరట్లో కుళాయి చప్పుడైంది. "నీళ్ళొచ్చాయి, మోటారెయ్యి" అని మాస్టారు పనమ్మాయికి కేకేశారు. మోటారు గుర్రుమంది. హాల్లో ట్యూబులైటు ఒక్క క్షణం రెప్ప వాల్చి తెరిచింది. రూటరు మీద లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి, ఒక్కొక్కటే మళ్ళీ వెలగడం మొదలుపెట్టాయి. తిరిగి నెట్టు అందడానికి రెండు మూడు నిమిషాలు.

మోటారు మొదలయ్యే క్షణంలో ఇంట్లో వోల్టేజీ కాస్త పడిపోతుంది. మంచి అడాప్టరయితే ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. నాలుగేళ్ళుగా రాత్రీపగలూ కాగుతున్న అడాప్టరు తట్టుకోలేదు. మరి బాక్సు మార్చాను కదా అంటారా? బాక్సు మార్చాను, అడాప్టరు మార్చలేదు. పిన్ను ఒకటే, 12 వోల్టులు 1 ఆంపు అనే రాసి ఉంది, పాతదే ఉంచేశాను. తప్పు నాదే. కొత్త అడాప్టరు పెట్టి మళ్ళీ మోటారు వేయించాను. ట్యూబులైటు రెప్ప వాల్చింది, రూటరు ఊరుకుంది. మాస్టారు నా వృత్తి గురించి ఇంకేమీ అనలేదు.

అప్పటినుంచీ ఏ ఇంటికెళ్ళినా మొదట అడాప్టరు మీద చెయ్యి వేసి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే మార్చేయడమే. సెటాప్ బాక్సు అడాప్టరు పిన్ను కూడా దూరుతుంది కదా అని తగిలించేవాళ్ళున్నారు. పిన్ను దూరినంత మాత్రాన సరిపోదండీ, మీద రాసిన వోల్టులు కూడా కలవాలి.

ఇక రూటరు ఎక్కడ పెట్టాలన్నది. దీని మీద ఇంట్లో నాకు తప్ప అందరికీ అభిప్రాయముంటుంది. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళకు ఆ నల్ల డబ్బా కంటికి ఇంపుగా ఉండదు. టీవీ వెనకాల దోపేస్తారు, షోకేసులో పెట్టి తలుపు మూస్తారు. ఒకాయన ఇనప బీరువా మీద, గోడ మూలకు పెట్టించి, పడగ్గదిలో సిగ్నల్ లేదన్నారు. ఇనుము, అద్దం వెనక ఉండే పూత, చేపల తొట్టిలో నీళ్ళు, పాతిళ్ళ మూరెడు మందం గోడలు, ఇవన్నీ సిగ్నల్‌ను మింగేవే. హాలు మధ్యలో, మనిషి తలెత్తున, గాలి తగిలే చోట పెట్టించుకున్న ఇల్లు నాకు ఏడాదికి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యదు.

చెంచుపేటలో ఒకింట్లో వాస్తు పండితులు ముందే వచ్చి వెళ్ళారు. కరెంటుతో నడిచేదేదైనా ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. ఆగ్నేయమంటే వంటగది. పెట్టాను. నెల తిరక్కుండా ఫోన్: "అన్నం వేడి చేసుకునేటప్పుడల్లా నెట్టు పోతోంది." వాస్తుకు దీనితో పేచీ లేదు, మైక్రోవేవ్ ఓవెనుకే పేచీ. అన్నం వేడిచేసే తరంగమూ, వైఫై తరంగమూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలవే. మన దేశంలో 2005లో ఆ బ్యాండును లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోమని వదిలేశారు. దాంతో పక్కింటి రూటరు, బ్లూటూత్, ఓవెను అన్నీ ఒకే సంతలో అరుస్తుంటాయి. ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను, అది వేగంగా వెళ్తుంది గానీ గోడలు దాటడం తక్కువ. టీవీకి అందలేదు. చివరికి పండితుల్నే అడిగి రమ్మన్నాను. ఆగ్నేయం ఇంటికే కాదు, ప్రతి గదికీ ఒక ఆగ్నేయం ఉంటుందన్నారట. మహానుభావులు. హాలుకు ఆగ్నేయ మూలలో పెట్టి వచ్చాను.

అపార్టుమెంట్లలో ఫోన్ తెరిస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి. ఆ సంతలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే: 1, 6, 11. ఖాళీగా ఉన్నదేదో చూసి మార్చితే చాలాసార్లు రాత్రిపూట నత్తనడక తగ్గుతుంది. ఈ పని చేసినప్పుడు నేనేదో మంత్రం వేశానని చూస్తారు. అప్పుడు కాస్త గర్వంగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు.

వేగం గురించి తగువులు బ్యాంకు ఉద్యోగులతో వస్తాయి. "వంద అన్నావు, సినిమా దింపుకుంటే పన్నెండే చూపిస్తోంది." మాది వంద మెగాబిట్లు, మీకు కనపడేది మెగాబైట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు, భాగించండి సార్ అంటే భాగించి, నవ్వేస్తారు. రెండొందల ప్లాను తీసుకుని కంప్యూటరుకు తొంభై నాలుగు దాటట్లేదంటే మాత్రం వాళ్ళదే న్యాయం. కంప్యూటరుకు వెళ్ళే వైర్లో ఎనిమిది పోగులుండాలి. ఎవరో నాలుగే కలిపి పిన్ను నొక్కేసి ఉంటారు. ఆ ఎవరో ఒకోసారి నేనే.

అల్లుడుగారు విదేశం నుంచి తెచ్చిన రూటరును మా బాక్సుకు తగిలించిన ఇళ్ళది మరో తంటా. రెండు డబ్బాలూ ఎవరి చిత్తానికి వాళ్ళు ఫోన్లకు చిరునామాలు పంచుతాయి. ఒక ఊరికి ఇద్దరు పోస్టుమాస్టర్లు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒకదానికి ఆ పంపకం మాన్పించి, చిరునామా మార్చేస్తే సర్దుకుంటుంది.

2020 లాక్‌డౌన్‌లో నేను చూసినంత నెట్టు ఆకలి మళ్ళీ చూడలేదు. పాసు మెడలో వేసుకుని ఖాళీ రోడ్ల మీద తిరిగాను. ఐతానగర్‌లో ఒక పిల్ల పక్కింటి వైఫై అందే పిట్టగోడ దగ్గర గొడుగేసుకుని క్లాసు వింటోంది. వాళ్ళింటికి లైను లాగిన రోజు వాళ్ళ నాన్న నాలుగు అడుగుల దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పేది మాత్రం రూటరు వెనకాల ఉండే సూది దూరేంత బెజ్జం. నెట్టు పోయిన ఇంట్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడుంటే నేను వెళ్ళేసరికి పని రెట్టింపయి ఉంటుంది. వాళ్ళమ్మ చెవి దిద్దు తీసుకుని ఆ బెజ్జంలో పది సెకన్లు నొక్కి పట్టుకుని ఉంటాడు. "రీస్టార్ట్ చేశానంకుల్" అంటాడు. అది రీస్టార్ట్ కాదు నాయనా, రీసెట్. రీస్టార్ట్ అంటే మనిషిని నిద్ర లేపడం. రీసెట్ అంటే పేరూ ఊరూ మరిచిపోయేలా నెత్తిన కొట్టడం. మీ వైఫై పేరు, పాస్‌వర్డు, మేం లోపల వేసిన యూజరు పేరు, లైను అంకెలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వీధిలో తెగిన వైరు నేను అతికినా ఆ ఇంటికి నెట్టు రాదు. ఉత్తిపుణ్యానికి ఇంకో ట్రిప్పు.

అందుకని మా చందాదార్లకు చెప్పేదే మీకూ చెబుతాను. నెట్టు పోతే ప్లగ్గు దగ్గర స్విచ్చి ఆపండి, అర నిమిషం ఆగి వెయ్యండి, మూడు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఆ బెజ్జం జోలికి మాత్రం పోకండి. అప్పటికీ ఎర్ర లైటుంటే వెంటనే ఫోన్ చెయ్యండి. కుంకుమ రంగైనా సరే.