అపొస్తలుల గుమ్మం ముందు

గత మే నెలలో మేము పన్నెండు రోజులు స్పెయిను దేశంలో గడిపి వచ్చాము. మా శ్రీమతి తమ్ముడు బార్సిలోనా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. "బావగారూ, సేవలో చేరినప్పటి నుండి మీరు ఒక్క సెలవు తీసుకోలేదు. ఈసారి అక్కయ్యను తీసుకొని రావలసిందే" అని పట్టుబట్టి టిక్కెట్లు కూడా తానే పంపించాడు. రెండు ఆదివారాల ఆరాధన తాము చూసుకుంటామని సంఘ పెద్దలు ధైర్యం చెప్పారు. ఆ విధంగా కోనసీమ కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకునే మేము విమానం ఎక్కాము. చూసినవన్నీ వ్రాయడానికి ఈ పుటలు చాలవు గనుక, మనస్సులో నిలిచిపోయిన కొన్నింటిని మాత్రమే మీతో పంచుకుంటున్నాము.

మొదట బార్సిలోనా. ఆ ఊరికి వెళ్ళినవారెవరైనా ముందు చూసేది సగ్రాద ఫమీలియా అనే దేవాలయాన్ని. పరిశుద్ధ కుటుంబం అని ఆ పేరుకు అర్థం. దాని పని 1882లో మొదలైనది. మరుసటి సంవత్సరం ఆంటోనీ గౌదీ అనే శిల్పి ఆ పనిని చేతికి తీసుకొని, నలభై ఏళ్ళకు పైగా దానిమీదనే ఉన్నాడు. తన జీవితకాలంలో అది పూర్తి కాదని అతనికి తెలుసు. 1926 జూన్‌లో రోడ్డు దాటుతుండగా ట్రాము గుద్దింది. మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారట. మూడు రోజులకు కన్నుమూశాడు. అతని సమాధి ఆ గుడి క్రింది గదిలోనే ఉన్నది. లోపలి స్తంభాలు చెట్ల మానుల వలె పైకి లేచి కొమ్మలు వేసినట్లున్నాయి. సాయంకాలపు ఎండ రంగుటద్దాలలో నుండి నేలమీద పడుతుంటే మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము. మన పల్లెల్లో తాత నాటిన కొబ్బరిచెట్టు కాయ మనుమడు దించుకుంటాడు. తాను తినని కాయ కోసం నీళ్ళు పోసే ఓపిక గొప్పది.

అక్కడి నుండి రైలులో దక్షిణంగా బయలుదేరాము. దారిలో చాలాచోట్ల సముద్రం పట్టాల ప్రక్కనే ఉంటుంది. కిటికీలో నుండి చెయ్యి చాపితే తడుస్తుందేమో అన్నట్లున్నది. గంట ప్రయాణంలో తర్రగోనా వచ్చింది. రోమీయుల కాలంలో అది పెద్ద రాజధాని. సముద్రపు ఒడ్డున, ఏటవాలు నేలమీద మెట్లు కట్టిన రోమా క్రీడారంగం ఇప్పటికీ ఉన్నది. 259వ సంవత్సరంలో ఫ్రుక్టువోసు అనే బిషపును, ఇద్దరు పరిచారకులను అక్కడే సజీవంగా దహించారు. పౌలు భక్తుడు రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయంలో స్పెయిను వెళ్ళాలన్న తన కోరికను రెండుసార్లు చెప్పిన సంగతి మీకు తెలిసినదే. ఆయన వెళ్ళినట్లు బైబిలులో లేదు. తర్రగోనా వారు మాత్రం ఆయన మా ఊరే వచ్చాడని నమ్ముతారు. ఆ మెట్లమీద కూర్చొని, ఆయన కోరుకున్న తీరాన్ని మేము చూస్తున్నామే అని స్తోత్రం చెల్లించాము.

తరువాతి మజిలీ పెనీస్కోలా. అది చిన్న సముద్రతీరపు ఊరు. సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన రాతిగుట్ట, దానిమీద తెల్లని ఇళ్ళు, అన్నిటికన్నా పైన కోట. ఆ కోటలో పెద్రో ద లూనా అనే ఆయన తన చివరి సంవత్సరాలు గడిపాడు. పశ్చిమ దేశాల సంఘం రెండుగా, ఆ తరువాత మూడుగా చీలిపోయిన రోజులవి. 1394లో ఒక వర్గం వారు ఈయనను పోపుగా ఎన్నుకొని పదమూడవ బెనెడిక్టు అన్నారు. సంఘం మళ్ళీ ఒకటి కావాలంటే పదవి విడిచిపెట్టమని రాజులు, పండితులు బ్రతిమాలినా ఆయన ఒప్పుకోలేదు. 1417లో మహాసభ ఆయనను తొలగించింది. వెంట ఉన్నవారు ఒక్కొక్కరే జారిపోయారు. అయినా 1423లో చనిపోయేవరకు ఈ కోటలో కూర్చొని, నేనే పోపును అంటూ ఉన్నాడు. ఎవరైనా మొండిపట్టు పడితే "తన పదమూడు మీదే ఉన్నాడు" అని స్పెయినువారు అంటారు. ఆ మాట ఈయన వలననే పుట్టిందని చెబుతారు. మనం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటాము గదా!

కోట కిటికీ దగ్గర నిలబడి మేము నవ్వుకుంటుండగా మా శ్రీమతి నెమ్మదిగా, "ఏమండీ, ఈయన కథ వింటుంటే నాకు మీరే గుర్తుకు వస్తున్నారు" అన్నది. ఆ మాటతో మా నవ్వు ఆగిపోయింది.

ఈ సంగతి ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. అయినా దాచితే ఈ ప్రయాణం గురించి నిజం చెప్పినట్లు కాదు. మా అన్నయ్యగారి చేను ఎగువన, మా చేను దిగువన ఉన్నాయి. రెండింటికీ ఒకటే బోదె. మూడేళ్ళ క్రిందట దాళ్వా పంటకు నీళ్ళు తక్కువ వచ్చినప్పుడు వంతు దగ్గర మాటామాటా పెరిగింది. తప్పు వారిదే అన్నాము. వారు మాదే అన్నారు. అప్పటి నుండి రాకపోకలు లేవు. సమాధానపడండని సంఘానికి బోధిస్తూ, సొంత అన్న గుమ్మం తొక్కకుండా మూడు క్రిస్మసులు గడిపాము.

పెనీస్కోలా నుండి వలెన్సియాకు చేరాము. ఊరికి దక్షిణాన అల్బుఫెరా అనే పెద్ద మంచినీటి సరస్సు, దాని చుట్టూ నీళ్ళు నిండిన వరిమడులు, మడుల్లో కొంగలు. మా ఊరు వచ్చేశామా అనిపించింది. అక్కడివారి పాయెల్యా అనే వంట ఈ బియ్యంతోనే చేస్తారు. వెడల్పాటి మూకుడులో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్ళు వేసి కట్టెల మంటమీద ఉడికిస్తారు. అడుగంటి ఎర్రగా మాడిన పెళ్ళ కోసం పెద్దలు కూడా పిల్లల వలె పోటీపడతారు.

గురువారం మధ్యాహ్నం మా బావమరిది మమ్మును పెద్ద దేవాలయం దగ్గరకు తీసుకొని వెళ్ళాడు. దాని గుమ్మాలలో ఒకదానికి అపొస్తలుల గుమ్మం అని పేరు. ప్రతి గురువారం పన్నెండు గంటలకు ఆ గుమ్మం ముందు నీటి న్యాయసభ కూర్చుంటుంది. తూరియా నది కాలువల రైతులు తమలోనుండి ఎన్నుకున్న ఎనిమిదిమంది రైతులే న్యాయాధిపతులు. నల్లని పొడుగు చొక్కాలు వేసుకొని వలయంగా కూర్చుంటారు. లాయర్లు లేరు, కాగితాలు లేవు. అంతా నోటిమాటే. అప్పీలు కూడా లేదు. తగవు ఒక గట్టు కాలువది అయితే, తీర్పును అవతలి గట్టు కాలువలవారు సూచిస్తారు. ఈ సభ వెయ్యేళ్ళ నాటిదని, ముస్లిముల పాలన నుండి వచ్చినదని చెప్పుకుంటారు. 1238లో క్రైస్తవ రాజు ఊరిని గెలిచిన తరువాత, ముస్లిము రైతులు గుడిలోనికి రాలేరు గనుక సభను గుమ్మం బయట పెట్టారని కూడా అంటారు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

పన్నెండు గంటలు కొట్టగానే బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరు పిలిచి, ఫిర్యాదు ఉన్నవారెవరని అడిగాడు. ఎవరూ ముందుకు రాలేదు. కొద్ది నిమిషాలలో సభ ముగిసింది. చూడవచ్చినవారు, ఇంతేనా అన్నట్లు వెళ్ళిపోయారు. "ఇక్కడ అందరి ముందు నిలబడవలసి వస్తుందని చాలా తగవులు గురువారం రాకముందే తీరిపోతాయట" అని మా బావమరిది చెప్పాడు. మాకు మాత్రం ఆ బంట్రోతు మా బోదె పేరు కూడా పిలిచినట్లే అనిపించింది.

ఆ నీళ్ళు బ్రతికించేవే గాని, భయంకరమైనవి కూడా. 1957 వరదలో వలెన్సియా మునిగిన తరువాత నదిని ఊరి దక్షిణానికి మళ్ళించారు. పాత నదీగర్భం ఇప్పుడు చక్కని తోట. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. 2024 అక్టోబరు 29న మాత్రం దక్షిణాన ఉన్న ఊళ్ళను వరద ముంచెత్తింది. ఆ జిల్లాలో 220 మందికి పైగా చనిపోయారు. గోదావరి వరదలు చూసిన మాకు ఆ దుఃఖం కొత్తది కాదు. గట్టు తెగిన రాత్రి ఎగువ చేనెవరిది, దిగువ చేనెవరిది అని ఎవరు అడుగుతారు?

ఇంటికి వచ్చిన మూడవనాటి సాయంకాలం, వలెన్సియాలో కొన్న చిన్న బియ్యం సంచి పట్టుకొని అన్నయ్యగారి ఇంటికి వెళ్ళాము. గుమ్మం దగ్గర కాళ్ళు ఆడలేదు. వదినగారు చూసి, "లోపలికి రా అబ్బాయ్" అన్నారు. అన్నయ్యగారు మా ముఖం చూడలేదు. సంచి విప్పి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకొని, "పొట్టి రకమే. ఎకరానికి ఎంత పండిస్తున్నారు వాళ్ళు?" అని అడిగారు. మూడేళ్ళ తరువాత ఆయన మాతో అన్న మొదటి మాట అదే. అడిగి రానందుకు మేము చాలా చింతించాము.

నీటి సంగతి ఇంకా తేలలేదు. వచ్చే దాళ్వాకు ముందు అవతలి కాలువ రైతులు ఇద్దరు వచ్చి బోదె చూస్తారు. వారు చెప్పిన వంతు ప్రకారం ఇద్దరమూ నడుచుకోవాలని ఒప్పుకున్నాము. దయచేసి మా ఇరు కుటుంబాల కొరకు ప్రార్థించండి.