అత్తయ్యగారి వీడియోలు

పోపుల పెట్టెలో ఆవాలు ఎక్కడో, మెంతులు ఎక్కడో చూడకుండానే మన చేతికి తెలుస్తుంది. సామాను సర్దడం మనకెవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. ఫోన్లలోకి రోజూ వచ్చి పడే వీడియోలు మాత్రం ఎవరింట్లో చూసినా గోనెసంచిలో అన్నీ కలిపి పోసినట్టే ఉంటాయి. మా ఇంట్లో ఆ సంచి మా అత్తయ్యగారిది.

ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. మామయ్యగారు కాలం చేసి మూడేళ్లవుతోంది. వాట్సాప్‌లో వచ్చే ప్రవచనాలు, వంటలు, మనవల డ్యాన్సులు ఆవిడకి కాలక్షేపం. చిన్న తెర చూస్తే కళ్లు లాగుతున్నాయంటే మావారు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టీవీకి పెట్టారు. తెర పెద్దదైంది కానీ కష్టం తీరలేదు. టీవీలో కనిపించేవి ‘వీఐడీ-20220402-డబ్ల్యూఏ0007’ లాంటి పేర్లు. అలాంటివి 312. అత్తయ్యగారికి తెలుగు తప్ప ఇంగ్లీషు చదవడం రాదు.

“అమ్మాయ్, రుక్మిణీ కల్యాణం రెండో భాగం పెట్టవూ” అనేవారు. నేను పొయ్యి తగ్గించి వచ్చి వెతికితే ఓ పట్టాన దొరికేది కాదు. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసి, ఏది వస్తే అది చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. నాకు మనసుకి కష్టంగా అనిపించింది అదే. ఇంతమందిని పెంచి ఇల్లు నడిపిన మనిషి, తనకి నచ్చింది చూడడానికి ఒకరి తీరిక కోసం కాచుకోవాలా?

పెళ్లికి ముందు నేను ఎంసీఏ చదివాను. పదిహేడేళ్లుగా ఆ చదువు అటక మీదే ఉంది. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఉంటే, పిల్లలు కాలేజీకి వెళ్లాక కూర్చుని నా పనికి సరిపడా నేర్చుకున్నాను. ఫైళ్ల పేర్లు మార్చడానికి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడానికి కావలసినవన్నీ పైథాన్‌తోనే వస్తాయి, వేరే ఏమీ కొనక్కర్లేదు.

ఆ వింత పేరులో నిజానికి కొంత అర్థం ఉంది. మధ్యలో ఉన్న ఎనిమిది అంకెలు తేదీ. అంటే ఇది 2022 ఏప్రిల్ 2న ఫోన్‌లోకి చేరింది. వీడియో తీసిన రోజు అదే కానక్కర్లేదు, మనకి అందిన రోజు. ఆ అంకెల్ని విడగొట్టి తేదీ చెప్పడం స్క్రిప్టుకి క్షణం పని. కానీ లోపల ఏముందో దానికి తెలీదు. అది మనిషే చూసి చెప్పాలి.

అందుకని పది మధ్యాహ్నాలు అత్తయ్యగారూ నేనూ టీవీ ముందు కూర్చున్నాం. ఒక్కో వీడియో కొంచెం చూడడం, ఆవిడ పేరు చెప్పడం, నేను ఎక్సెల్‌లో పాత పేరు, ఏ అర, కొత్త పేరు అని మూడు గడులు నింపడం. ఆ పట్టిక చదివి స్క్రిప్టు పేర్లు మారుస్తుంది. పట్టికని ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకంగా దాచుకోవాలి, లేకపోతే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

నేను ప్రవచనాలు, వంటలు, పిల్లలు అని అరలు అనుకున్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. “నేను వెతుక్కునేది అలా కాదమ్మా” అన్నారు. ఆవిడ చెప్పిన అరలు ఇవీ: పొద్దున్న, మధ్యాహ్నం, ఏకాదశి, నిద్ర పట్టని రాత్రి. పక్క గదిలో పడుకునే నాకు ఆవిడకి నిద్ర పట్టని రాత్రులున్నాయని ఆ రోజే తెలిసింది.

ఆ 20220402 వీడియో ఉగాది నాటిది. మా ఆడపడుచు పంపింది. మామయ్యగారు స్టూలెక్కి గుమ్మానికి మావిడాకులు కడుతూ, “ఆ ఫోన్ పక్కనపెట్టి తాడు అందుకోండర్రా” అని విసుక్కుంటున్నారు. అంతే, నలభై సెకన్లు. శుభాకాంక్షల వీడియోల మధ్య అది ఉందని ఎవరికీ గుర్తులేదు. అత్తయ్యగారు రెండుసార్లు వేయించుకుని చూశారు. పేరేం రాయమంటారని అడిగితే కాసేపాగి, “తోరణం అని రాయి” అన్నారు. ఏ అర అని నేను అడగలేదు, నాలుగో అరలో మొదటిదిగా పెట్టాను.

ఇక పని సంగతి. అసలు ఫైళ్లు అలాగే ఉంచి, కాపీల మీద చేశాను. మొదటిసారి ఏమీ మార్చకుండా పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపించమన్నాను. వడ్డించే ముందు ఉప్పు చూసుకున్నట్టన్నమాట. రెండిటికి ఒకే పేరు పడితే అక్కడ ఆగిపొమ్మన్నాను. భాగాలకి 01, 02 అని సున్నా పెట్టాను, లేకపోతే ఒకటి తర్వాత పది వచ్చి కూర్చుంటుంది. ఐదుగురు పంపిన ఒకే గుడ్‌మార్నింగ్ వీడియోల్లాంటివి, లోపలి సమాచారం అచ్చంగా ఒకటే అయితే, చెరపకుండా వేరే ఫోల్డర్‌లోకి తోసింది. కొన్ని టీవీల్లో తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు కనిపిస్తాయి కాబట్టి ముందు ఒక్క ఫైలు పెట్టి చూశాను. మా టీవీ చక్కగా చదివింది.

ఇప్పుడు ఆదివారం పావుగంట కూర్చుంటే ఆ వారం వచ్చినవి సర్దేస్తాం. అత్తయ్యగారు రిమోట్ తీసుకుని తనకి కావలసింది తనే పెట్టుకుంటున్నారు. ఒక్కోసారి రాత్రి పన్నెండింటికి హాల్లోంచి సన్నగా టీవీ చప్పుడు వినిపిస్తుంది. నేను లేచి వెళ్లను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల వీడియోలు సర్దాలనుకుంటే స్క్రిప్టు పిల్లల చేత రాయించుకున్నా పర్వాలేదు. అరలకి పేర్లు మాత్రం మీరు పెట్టేయకండి. వాళ్లని అడగండి.