బడి ఉత్తరం

నేను స్టాంపులు పోగుచేయడం మొదలుపెట్టింది 1980లో. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. కోల్‌కతాకి ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉన్న టీటాగఢ్‌లో ఒక జూట్ మిల్లు కూలీ లైనులో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి మిల్లు పనికి వచ్చిన తెలుగువాళ్ళు ఆ ఒడ్డున తరతరాలుగా ఉన్నారు. మా అయ్య 1966లో వచ్చాడు. సంచులు కుట్టే విభాగంలో పని. పదేళ్ళు ఒక్కడే ఉండి, 1976లో మా అమ్మనీ, నన్నూ, చెల్లినీ తెచ్చుకున్నాడు.

బడిలో ఆ ఏడాది అందరికీ స్టాంపుల పిచ్చి పట్టింది. కవరు మీది స్టాంపును చుట్టూ కాగితంతో సహా కత్తిరించాలి. గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టాలి. జిగురు కరిగి స్టాంపు పైకి తేలాక పాత పేపరు మీద బోర్లించి ఆరబెట్టాలి. తర్వాత నోటు పుస్తకంలో అంటించాలి. కొనడానికి మా దగ్గర డబ్బుల్లేవు. ఎవరింటికి ఉత్తరం వచ్చినా వెళ్ళి అడిగేవాళ్ళం. రెండున్నవాడు ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకునేవాడు. మా ఆస్తి అంతా అలా చేతులు మారుతూ పెరిగేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అయ్య రేకుపెట్టె తెరిచాను. అడుగున గుడ్డలో చుట్టి పదమూడు ఉత్తరాలు ఉన్నాయి. మా అమ్మ ఊళ్ళో ఉన్నప్పుడు పంపినవి. నాకు గని దొరికినట్టయింది. కత్తెర తీసుకుని స్టాంపులన్నీ కత్తిరించాను. చిరిగిన కవర్లు పొయ్యిలో వేశాను. ఉత్తరాలు మాత్రం పారేయకూడదని తెలుసు కాబట్టి ఒద్దికగా దొంతి పెట్టి మళ్ళీ గుడ్డలో చుట్టాను. చాలా బుద్ధిగా చేశాననే అనుకున్నాను.

వారం తర్వాత అయ్య పెట్టె తెరిచాడు. గుడ్డ విప్పి చాలాసేపు చూశాడు.

"ఏటిరా ఇవి? బిళ్ళలేవి?"

"పుస్తకంలో అంటించానయ్యా."

"మరి ఏది ఏదో నాకెలాగ తెలుస్తాదిరా?"

నాకు అర్థం కాలేదు. అయ్యకి చదువు రాదని తెలుసు. కానీ ఆ ఉత్తరాలను అయ్య ఎలా గుర్తుపట్టేవాడో ఏనాడూ ఆలోచించలేదు. వచ్చిన రోజున లైనులో చదువొచ్చిన ఎవరిచేతనో ఒకసారి చదివించుకునేవాడు. ఆ తర్వాత కవరు మీది బొమ్మే ఆయనకి గుర్తు. టీ ఆకు కోసే బొమ్మ ఉన్న పదిహేను పైసల బిళ్ళ ఉత్తరం నేను పుట్టిన కబురు. రెండు రైలింజన్లు పక్కపక్కన ఉన్నది గాలివానకి ఇంటికప్పు ఎగిరిపోయిన కబురు. యుద్ధవిమానం ఉన్న ఇరవై పైసల బిళ్ళది నానమ్మ పోయిన కబురు. సెలవు రోజున పెట్టె తెరిచి, బొమ్మ చూసి, ఏ ఉత్తరం కావాలంటే ఆ ఉత్తరం తీసి, మడత విప్పి, పట్టుకు కూర్చునేవాడట. పదేళ్ళు ఆయన ఇల్లు అదే. నేను కత్తెరతో ఆ పదమూడు ఉత్తరాలనీ ఒకేలాంటి తెల్ల కాగితాలుగా మార్చేశాను.

"బాబాసాహెబ్ బిళ్ళ ఉత్తరం ఏదిరా? నీ బడి ఉత్తరం?"

తపాలాశాఖ బాబాసాహెబ్ మీద మొదటి స్టాంపు వేసింది 1966లో, పదిహేను పైసలది. రెండోది 1973 ఏప్రిల్ 14న, ఇరవై పైసలది. నన్ను ఊళ్ళో బడిలో వేసింది ఆ 1973లోనే. ఆ కబురు మోసుకొచ్చిన కవరు మీద ఉన్నది ఆ రెండో స్టాంపు. అమ్మ కోరి అంటించిందేం కాదు. పోస్టాఫీసులో ఆ రోజు ఉన్నది అది. కానీ కొడుకు బడికి వెళ్ళాడన్న వార్త ఆ బొమ్మతో రావడం అయ్యకి మామూలు సంగతిగా తోచలేదు. లైనులో ఏటా ఏప్రిల్ 14న దండ వేసే పటంలో ఉన్న ముఖమే అది.

ఆ బిళ్ళ నా పుస్తకంలో లేదు. అంతకు రెండు రోజుల ముందే ఒక తోటి పిల్లవాడికి ఇచ్చేసి, భూటాన్ స్టాంపు ఒకటి పుచ్చుకున్నాను. భూటాన్ ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరూ వేయని స్టాంపులు వేసేది. 1967 నుంచి ప్లాస్టిక్ గీతల పూతతో, అటూ ఇటూ వంచితే బొమ్మ లోతుగా కనిపించే స్టాంపులు తెచ్చింది. నాకు దొరికింది సీతాకోకచిలుక. వంచితే ఎగురుతున్నట్టే ఉండేది. బాబాసాహెబ్ బొమ్మ మసక రంగుల్లో ఉంది, పైగా దాని మీద మా ఊరి నల్ల ముద్ర. నా లెక్కకి అది లాభసాటి బేరమే.

మర్నాడు ఆ పిల్లవాడి దగ్గరికి పరిగెత్తాను. వాడు అప్పటికే ఇంకెవరికో మార్చేశాడు.

అయ్య నన్ను కొట్టలేదు. "కూకో. అన్నీ సదువు," అన్నాడు. దీపం పెట్టాక పదమూడు ఉత్తరాలూ పైకి చదివాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వింటూ మధ్యమధ్య నవ్వింది. "ఇంట్లో గవ్వ లేదని సెప్పమన్నాను. ఇబ్బందిగా ఉన్నది అని రాశారా పంతులుగారు?" అంది. ఆమె చెప్పిందొకటి, పంతులు రాసిందొకటి, లైనులో చదివిపెట్టినవాళ్ళు చెప్పింది మరొకటి. పదేళ్ళ తర్వాత ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు ఆ ఉత్తరాలను సరిచేసుకున్నారు.

బడి ఉత్తరం వచ్చింది. "పిల్లవాడిని బడిలో వేసితిమి. పలక కొనితిమి. అందరితోపాటు ముందు వరుసలో కూర్చుండబెట్టినారు."

"ఆ మాట మళ్ళీ సదువు," అన్నాడు అయ్య.

మళ్ళీ చదివాను. ముందు వరుసలో కూర్చోవడం నాకేమీ గొప్ప విషయంగా కనిపించలేదు. అయ్య బడి అరుగు దాకా వెళ్ళి, అక్కడి నుంచే వెనక్కి వచ్చినవాడని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

మిగతా బిళ్ళలను తేదీలు చూసుకుంటూ ఎవరి ఉత్తరానికి వాటిని మెతుకులతో అంటించాను. బడి ఉత్తరానికి ఏమీ లేదు. అయ్య ఆ సీతాకోకచిలుకను తీసుకుని, అటూ ఇటూ వంచి చూసి, "ఇది బాగుందిలే. దీన్నే పెట్టు," అన్నాడు. ప్లాస్టిక్ మెతుకులకి అంటలేదు. అప్పుడాయన సంచులు కుట్టే సూది తీసుకుని, నాలుగు మూలలా దారంతో కుట్టేశాడు.

ఆ తర్వాత కూడా నేను స్టాంపులు మానలేదు. కాకపోతే కత్తెర పట్టుకోవడం మానేశాను. చదువు పూర్తయి ఉద్యోగం వచ్చాక కోల్‌కతా జనరల్ పోస్టాఫీసు చుట్టుపక్కల ఫుట్‌పాత్ మీద స్టాంపులు, నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర నిలబడటం అలవాటైంది. 1868లో పూర్తయిన ఆ తెల్ల గుమ్మటాన్ని నేను మొదట చూసింది స్టాంపు మీదే. నలభై పైసల బిళ్ళ మీద ఉండేది. ఈ అభిరుచికి ఈ దేశంలో పుట్టిల్లు కోల్‌కతా అంటే తప్పు కాదు. 1854లో దేశమంతటికీ పనికొచ్చే మొదటి స్టాంపులు అచ్చయింది ఇక్కడి సర్వేయర్ జనరల్ ఆఫీసులో. వాటిలో నాలుగణాల బిళ్ళలు కొన్నింటిలో రాణి తల తలకిందులుగా పడింది. ఇవాళ ప్రపంచంలో సంపన్నులు వెతికేది ఆ తప్పునే. ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా 1897లో ఈ నగరంలోనే మొదలైంది.

మన పాఠకులకి ఇంకో తప్పు సంగతి చెప్పాలి. 1949లో వేసిన ఒక అణా స్టాంపు మీద బోధిసత్వుడి విగ్రహం ఉంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై, చాచిన చెయ్యి ఎడమ చెయ్యిగా అచ్చయింది. 1950లో సరిచేసి మళ్ళీ వేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం నాకిప్పటికీ ఇష్టం. అలాగే 1956 మే 24న బుద్ధజయంతికి వేసిన బోధివృక్షం బిళ్ళలు, రెండణాలదీ పద్నాలుగణాలదీ. అవి వచ్చిన అయిదు నెలలలోపే, అక్టోబరు 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు. ఆ ఏడాది ఎవరో ఎవరికో ఆ బిళ్ళ అంటించి నాగపూర్ వెళ్దాం రమ్మని రాసి ఉంటారా అని ప్రతిసారీ అనుకుంటాను.

ఈ నలభై అయిదేళ్ళలో అభిరుచి చాలా మారింది. మొదట మారింది మా గిన్నె, నీళ్ళు. వాడిన స్టాంపుకి విలువ లేదు, వెనక జిగురు చెదరనిది కావాలి అన్నారు. పుస్తకంలో అంటిస్తే మచ్చ పడుతుంది, ప్లాస్టిక్ అరలో పెట్టాలి అన్నారు. తపాలాశాఖ కూడా పోగుచేసేవాళ్ళ కోసమే షీట్లూ, తొలిరోజు కవర్లూ వేస్తోంది. వాటిలో చాలావాటికి ప్రయాణమంటే ఏమిటో తెలియదు. కౌంటరు నుంచి ఆల్బమ్‌లోకి వెళ్ళిపోతాయి. 2011 నుంచి మన ఫొటోతోనే స్టాంపు వేయించుకోవచ్చు. మరోవైపు ఉత్తరాల మీద స్టాంపే కనబడటం లేదు. బార్‌కోడ్ చీటీ ఉంటుంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు. కొనడం, అమ్మడం, వేలం అన్నీ ఫోన్‌లోకి వెళ్ళాయి. ఫుట్‌పాత్ మీద నిలబడి, బేరమాడి, టీ తాగి వచ్చే మావంటివాళ్ళం తలలు నెరిసినవాళ్ళమే మిగిలాం.

మా అబ్బాయి చిన్నప్పుడు స్టాంపుల జోలికి రాలేదు. ఐపీఎల్ ఆటగాళ్ళ కార్డులు, క్రికెట్ అటాక్స్ అనేవి, పోగుచేశాడు. వాటిని చూసి నేను నవ్వితే, అమెరికాలో బేస్‌బాల్ కార్డుల కథ వాడే చెప్పాడు. ఒకప్పుడు బబుల్‌గమ్‌తో పాటు పిల్లలకి ఇచ్చినవే అవి. 1952లో వేసిన కార్డులు అమ్ముడుపోక మిగిలితే కంపెనీ ఆ పెట్టెలను తర్వాత సముద్రంలో పారబోయించింది. ఆ వరసలోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు, అంటే సుమారు వంద కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. దాన్ని ప్లాస్టిక్ పలకలో బిగించి, మార్కులు వేసి, సీలు వేశారు. ఏ పిల్లవాడి చెయ్యీ తగలకపోవడమే దాని ఘనత. ఇక్కడ కూడా దారి అటే. ఏది ఎంతకి పోతుందన్నదే మాట. ధమ్మం చదువుకున్నాక తృష్ణ అనే మాటకి అర్థం వెతికితే నాకు ముందు గుర్తొచ్చేది నా పన్నెండేళ్ళ చెయ్యి, అందులో కత్తెర. కాబట్టి ఇప్పటి పిల్లల్ని ఏమీ అనలేను.

కానీ ఇంకో మార్పు కూడా వచ్చింది. అది నాకు ఆలస్యంగా అర్థమైంది. నిజంగా పట్టున్న సేకర్తలు ఇప్పుడు విడి స్టాంపులను అంతగా పట్టించుకోవడం లేదు. కవరు మొత్తం కావాలంటారు. ఎక్కడ ముద్ర పడింది, ఎన్ని రోజులకి చేరింది, ఎన్ని పైసలు అంటించారు, ఎవరి చేతిరాత, అన్నీ చదువుతారు. దానికి తపాలా చరిత్ర అని పేరు. పల్లెటూరి బ్రాంచి పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరుని కళ్ళకద్దుకుంటారు. నేను పొయ్యిలో వేసినవి పదమూడు.

కిందటి చలికాలంలో జీపీఓ దగ్గర చాలా ఏళ్ళుగా ఎరిగిన ఒక ముసలి వ్యాపారికి ఆ ఉత్తరం చూపించాను. అయ్య పోయాక పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి సీతాకోకచిలుకను చూసి, నాలుగు మూలల్లో దారం చూసి, "ఎవరు చేశారీ పని?" అన్నాడు. "మా నాన్నగారు," అన్నాను. "సూది గుచ్చారు. ఇక దీనికి ధర లేదు," అన్నాడు జాలిగా. తర్వాత, ఎందుకు కుట్టారని అడిగాడు. చెప్పాను. ఆయన మాట్లాడకుండా తన డబ్బాలన్నీ వెతికి 1973 నాటి బాబాసాహెబ్ బిళ్ళ ఒకటి తీశాడు. వాడనిది, జిగురు చెదరనిది. పెద్ద ధరేం కాదు. కొన్నాను.

ఇంటికొచ్చి ఉత్తరం పక్కన పెట్టి చూశాను. దాని మీద మా ఊరి ముద్ర లేదు. అది ఎవరికీ ఏ కబురూ మోయలేదు. దాన్ని ఉత్తరానికి అంటించాలనిపించలేదు. దాని మీద ఏం రాసుందో ముఖం చూసి చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేడు. పైగా అయ్య కుట్టిన కుట్టు విప్పే హక్కు నాకెక్కడిది?

మా మనవరాలిని ఈ జూన్‌లో బడిలో వేశారు. మా అబ్బాయి ఫోన్‌లో ఫొటో పంపాడు. నేను ఒక కవరు కొని, ఆ బాబాసాహెబ్ బిళ్ళ అంటించి, ఇరవై పైసలకి ఇప్పుడేదీ కదలదు కాబట్టి పక్కన ఇప్పటి స్టాంపు కూడా అంటించి, ఆ పిల్లకి ఉత్తరం రాశాను. జీపీఓ కౌంటర్ దగ్గర నిలబడి, ముద్ర గట్టిగా, స్పష్టంగా వేయమని అడిగాను. వాడిన స్టాంపుకి విలువ పోతుందని గుమస్తా నాకు చెప్పబోయాడు. తెలుసన్నాను.

ఉత్తరంలో ఒకటే అడిగాను: ఏ వరుసలో కూర్చున్నావు తల్లీ?