బాడుగ యిండ్ల లెక్క

బాడుగకు ఇల్లు వెదకువాఁడు మన యూళ్లలో ఏమి చూచును? గోడలకు క్రొత్తగా వేసిన సున్నమును చూచును. నీళ్లెప్పుడు వచ్చునని యడుగును. బాడుగ తగ్గింపుమని బేరమాడును. ఇంటి గుణము మాత్రము తొలివాన కురిసిననాఁడు గాని తెలియదు. ఉద్యోగరీత్యా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలలో మూటాముల్లెలతో తిరిగిన మాకు ఇది పుస్తకములలో చదివిన సంగతి కాదు.

ఆ గుణమును సర్కారువారు లెక్కింపకపోలేదు. 2011 జనగణనకు ముందు 2010లో జరిగిన యిండ్ల లెక్కలో 35 ప్రశ్నలుండెను. కప్పు దేనితో వేసినది, గదులెన్ని, నీరెక్కడిది, ఇల్లు సొంతమా బాడుగా అను వానితోఁబాటు ఇంటిస్థితి యెట్లున్నదనియు నడిగిరి. మరమ్మతు అక్కఱలేనిది మంచిది, కొద్ది మరమ్మతు కావలసినది నివాసయోగ్యము, తక్కినది శిథిలము. పట్టణములలో వార్డువారీగా నీ ఫలితములు ఎవరైనను చూడవచ్చును.

చూచి యిల్లెన్నుకొనవచ్చునా? బాడుగయిండ్లు నూటికెన్నో యొక గడిలో నుండును. శిథిలమైనవి నూటికెన్నో వేఱొక గడిలో నుండును. శిథిలమైనవే బాడుగ కిచ్చినవా యను ప్రశ్నకు ఆ రెండు గడులును బదులు చెప్పవు.

ఇంకొక లోపము కలదు. అందులో మా చేయియు నున్నది. 2010లో తక్కిన యుపాధ్యాయులతోఁబాటు మేమును జమ్మలమడుగున లెక్క వ్రాయఁబోతిమి. ఒక మట్టిమిద్దెలో బాడుగకున్న యమ్మను ఇంటిస్థితి యడిగితిమి. ఆమె ముందుగా వాకిట నిలిచిన యజమాని మొగము చూచి, పిమ్మట "బాగుండాది సారూ" అనెను. ఆమె వెనుక గోడమీఁద నిరుటి వానచారలు దూలము మొదలు నేలదాఁక దిగియుండెను. మేము '1' వేసితిమి. ఎండ మండుచుండెను, ఇండ్లింకను చాల మిగిలియుండెను. ఇంటనున్నవారి మాట కాదని వ్రాయుట మర్యాద గాదనియు తలఁచితిమి. అది సాకని నేఁడు తెలియుచున్నది.

న్యూయార్కు నగరమున ఇంటి నెంబరు చెప్పినచో, నగర గృహశాఖ పరీక్షకులు ఆ యింటిపై నమోదు చేసిన లోపములు ఎల్లరకును కనఁబడును. మన పురపాలక సంఘముల దస్తరములలో నింటి నెంబరునకు పన్ను బాకీ తెలియును. కప్పు కారుచున్నదో లేదో తెలియదు. పన్నుకై ఇల్లు కొలుచువారు ఆ కప్పువంక నొకసారి తల యెత్తరాదా? బాడుగవారిని యజమాని లేనప్పు డడుగరాదా?

2021లో జరుగవలసిన జనగణన ఆ యేఁట జరుగలేదు. మేము వేసిన యా '1' పదేండ్లు దాఁటినను అట్లే నిలిచియుండెను. మూఁడేండ్ల క్రిందట మరల జమ్మలమడుగునకు బదిలీయై, ఇల్లు వెదకుచు ఆ వీథికే పోయితిమి. మిద్దె కూలి, రాళ్లును దూలములును కుప్పగా నున్నవి. ఆ యమ్మ యెక్కడికి పోయినదో ప్రక్కయింటివారి నడుగుటకు మాకు నోరు రాలేదు.